పద్నాలుగు మందికి ఒక్క లాగిన్

మాలూరులో నేను పనిచేసే టమోటా సాస్ ఫ్యాక్టరీలో ఒకప్పుడు నన్ను తెలివైనవాడనేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి, "సమస్య మూలం దాకా పోయే మనిషి" అని పరిచయం చేసేవాళ్ళు. నేను ఏ మూలం దాకానూ పోలేదు. నా పక్కన కూర్చున్న ఒకామె చెవిలో చెప్పింది మైకులో అప్పజెప్పాను, అంతే. ఆరు వారాలు అప్పజెప్పి, ఆమెకు రావలసిన కుర్చీలో నేను కూర్చున్నాను. యాభై దాటాక ఇప్పుడు ఇది రాస్తున్నానంటే ధైర్యం వచ్చిందని కాదు, దాచుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు కనుక.

మాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో పనికి వచ్చాడు. నాన్న అదే గనిలో చేశాడు. గని మూతపడ్డాక నేను పొద్దున్నే రైలెక్కే జాతిలో చేరాను. మా ఊరు సగం ఆ రైల్లో బెంగళూరు పోతుంది, నేను మాలూరులో దిగిపోతాను. నిలబడి నిద్రపోవడం మాకు ఎవరూ శిక్షణ ఇచ్చి నేర్పలేదు.

మిగతా విద్యలన్నీ శిక్షణ ఇప్పించి నేర్పాలని మా యజమానికి సరదా. ఏటా నలుగురిని బెంగళూరు పంపేవాడు. రెండు రోజులు, చల్లని హాలు, మధ్యాహ్నం భోజనంలో గులాబ్‌జామూన్. తిరిగొచ్చినవాళ్ళు నేర్చుకున్నది ఒక్కటే, ఆ హాలుకు దగ్గర్లో చెప్పులు చవగ్గా దొరికే బజారు ఎక్కడుందో. "నాయకత్వ లక్షణాలు" అనే శిక్షణకు పోయిన మా బాయిలర్ ఆపరేటర్ రెండు జతలు తెచ్చుకున్నాడు.

అలాంటప్పుడు లైవ్ ఆన్‌లైన్ తరగతుల గురించి యజమానికి ఎవరో చెప్పారు. హైదరాబాదులో ఒక సంస్థ. పాఠం చెప్పేవాడు అక్కడ, వినేవాళ్ళు ఇక్కడ. అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు, అదీ తెలుగులో. బస్సు లేదు, లాడ్జి లేదు, లైను ఆపే పని లేదు. మనిషికి ఒక సీటు కొనాలి, దాని ధర బెంగళూరు ప్రయాణం ముందు ఏపాటిదీ కాదు. నిజంగా మంచి ఏర్పాటు. ఈ కథలో తప్పు ఆ ఏర్పాటుది కాదు, నాది. అది ముందే చెప్పేస్తున్నాను.

నేను అప్పుడు షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. పద్నాలుగు మంది పేర్లున్న కాగితం పట్టుకుని యజమాని గదిలోకి పోయాను.

"ఏమప్పా, పద్నాలుగు సీట్లు తీసుకుందామా?"

"ఒకటి చాలు సార్."

"ఒకటా?"

"క్యాంటీన్లో టీవీ ఉండాది గదా సార్. నా ల్యాప్‌టాప్ దానికి తగిలిస్తే అందరూ చూస్తారు. ఇంట్లో సినిమా చూసేదానికి తలకొక టీవీ కొంటామా?"

యజమాని లేచి వచ్చి నా భుజం తట్టాడు. "బలే తలకాయప్పా నీది!" అన్నాడు. ఆ తలకాయను ఆ రోజు రైల్లో చాలా జాగ్రత్తగా ఇంటికి మోసుకెళ్ళాను.

ఒక సీటులో ఒకరే కూర్చోవాలని ఆ సంస్థ షరతు. అందుకని కెమెరాకు నా ముఖం, నా వెనక గోడ తప్ప ఏమీ కనబడకుండా ల్యాప్‌టాప్ పెట్టి, పద్నాలుగు మందినీ దాని పక్కగా, టీవీకి ఎదురుగా కూర్చోబెట్టాను. మొదటి తరగతికి ముందు వాళ్ళకు ఒక ఉపన్యాసం ఇచ్చాను.

"ఎవరూ నోరు తెరవొద్దండి. ఆయన ప్రశ్న అడిగితే నేను మైకు మూస్తాను. అప్పుడు నాకు చెప్పండి, నేను ఆయనకి చెప్తాను. మా గనిలో ఇట్లనే. దొర వచ్చి అడిగితే గ్యాంగులో మేస్త్రి ఒక్కడే మాట్లాడాల, మిగిలినోళ్ళు నేల చూడాల."

"నేల చూసేదానికి ఆన్‌లైన్ యాలప్పా, అది మాకు ఊరికే వస్తాది" అంది ముందు వరసలోంచి ఒకామె. అందరూ నవ్వారు.

ఆమెది లక్కూరు దగ్గర పల్లె. ఫిల్లింగ్ లైనులో, సాస్ ప్యాకెట్లకు మూతి అతుకుపడే చోట తొమ్మిదేళ్ళుగా నిలబడి పనిచేస్తోంది. నాకంటే ఐదారేళ్ళు చిన్న. ఇంట్లో రెండు ఆవులు, ఒక పక్క కొట్టంలో రేష్మె, అంటే పట్టుపురుగుల పెంపకం. ఫ్యాక్టరీలో అందరికీ ఆమె లక్కూరు అక్క. నాకు ఆమె అప్పటిదాకా లైనులో ఒక నంబరు మాత్రమే.

తరగతి మొదలైంది. పాఠం చెప్పే ఆయనకు ముప్పై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ తెలుగు. "గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్, మీరు ఒక్కరే ఉన్నారు కదా, ప్రశాంతంగా ఉంది" అన్నాడు. సరిగ్గా అప్పుడే వంటగదిలో సాంబారుకు తాలింపు పడింది. పద్నాలుగు మంది ఒకేసారి దగ్గారు. నేను కూడా దగ్గి, "జలుబు సార్" అన్నాను. "ఇంత జలుబా!" అని ఆయన ఎంతో బాధపడ్డాడు.

ఆ వారం పాఠం, సమస్య ఎక్కడ పుట్టిందో వెతకడం. మీ చోట ఉన్న ఒక నిజమైన సమస్య చెప్పండి అన్నాడు. అంగళ్ళ నుంచి మా సాస్ ప్యాకెట్లు ఉబ్బి వెనక్కి వస్తున్నాయి, అది చెప్పాను. కారణం ఏమైవుంటుందో ఆలోచించండి అని ఐదు నిమిషాలు ఇచ్చాడు. నేను మైకు మూశాను. ఒకరు మిషను పాతదన్నారు, ఇంకొకరు టమోటాలు కోలారు మార్కెట్ నుంచే చెడిపోయి వస్తున్నాయన్నారు. లక్కూరు అక్క మాత్రం నన్నే ఒక ప్రశ్న అడిగింది.

"సార్, తెల్లారి ఫ్యాక్టరీ కడిగేవాళ్ళు యాడ మొదలుపెడతారో చూసినావా?"

"చూడలేదమ్మా."

"కుళ్ళిన కాయలు ఏరిపారేసే చోట మొదలుపెడతారు. అదే బూట్లు, అదే గుడ్డ, కడాన మా ఫిల్లింగ్ కాడికి వస్తారు. రేష్మె ఇంట్లో అట్ల చేస్తే ఒక్క పురుగు గూడు కట్టదు. ఆకేసేటప్పుడు మొదట చిన్న పురుగులకి, తర్వాత పెద్దవాటికి. సీక్కొచ్చిన, జబ్బు పురుగులుండే తట్ట కడాన ముట్టుకుంటాం. ఈడ తిరగేసి చేస్తా ఉండారు."

మైకు తెరిచి, దాన్నే నా ఇస్త్రీ తెలుగులోకి మార్చి చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"అద్భుతం సర్! ఈ ఆలోచన మీకెలా వచ్చింది?"

"మా ఇంట్లో పట్టుపురుగులు పెంచుతాం" అన్నాను.

ఈ అబద్ధం ఎందుకు చెప్పానో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు పట్టుపురుగును చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మేముండేది గని కార్మికులకు కట్టిన లైను ఇల్లు, అందులో కోడిని పెంచాలంటే నేను బయట పడుకోవాలి.

కడిగే వరస మార్చాం. ప్యాకెట్లు ఉబ్బడం తగ్గిపోయింది. ఆ తర్వాతి తరగతికి ఆమెను నా ఎడమపక్క, కెమెరాకు అందకుండా, చెవికి అందేలా కూర్చోబెట్టుకున్నాను. కింది ఉద్యోగి తప్పు చేస్తే ఏం చేయాలి అని ఆయన అడిగాడు. ఆమె గొంతు తగ్గించి, "పాలు పిండేటప్పుడు ఆవు తన్నిందనుకో, కొడితే రేపు పాలు ఆపుతాది. పొదుగు పగిలిందేమో మొదట చూడాల" అంది. నేను ఆవును తీసేసి, మనిషిని పెట్టి చెప్పాను. ఆయన ఉప్పొంగిపోయి, "సర్, దీన్నే ఎంపతీ అంటారు" అన్నాడు. నాకు ఆ మాట అదే మొదటిసారి వినడం. చాలా ఏళ్ళుగా పాటిస్తున్నవాడిలా తలాడించాను.

మూడో వారం యజమాని ఒక ప్రకటన చేశాడు. లైను చివర గాజు గదిలో క్వాలిటీ డెస్క్ పెడుతున్నాం, శిక్షణలో మొదటి స్థానం సర్టిఫికెట్ ఎవరికి వస్తే వాళ్ళకే ఆ పని అని. కూర్చుని, ప్యాకెట్ల నమూనాలు తీసి చూసి, కంప్యూటర్లో ఎక్కించే పని. మేం కొన్నది ఒక్క సీటేనని ఆయనకు గుర్తున్నట్టు లేదు. ఆ మధ్యాహ్నమే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ కుర్చీ మాట నిజమేనా?"

"నిజమేనమ్మా."

"అయితే ఇంగా బాగా చెప్తా సార్. మోకాలి చిప్ప అరిగిపోతా ఉండాదంట. కూర్చోని చేసే పని చూసుకో, లేకుంటే రెండేండ్లలో మంచం పడతావని డాక్టరు చెప్పినాడు. పురుగులకి ఆకు కోసేది యెవరు, పశువుల్ని చూసేది యెవరు?"

ఆ క్షణాన నాకు తెలుసు, లాగిన్ ఒక్కటే, పేరూ ఒక్కటే వస్తుందని. "మంచిదమ్మా, బాగా చెప్పు" అన్నాను. నేను చేసినదాంట్లో అన్నిటికంటే నీచమైన పని అది. మిగతావన్నీ దాని పిల్లలు.

మరో మూడు వారాలు ఆమె చెబుతూ పోయింది, నేను ఒప్పజెబుతూ పోయాను. సర్టిఫికెట్ వచ్చింది. ఒక్కటే వచ్చింది. యజమాని దాన్ని రంగుల్లో ప్రింట్ తీయించి, లడ్డూలు పంచి, నన్ను క్వాలిటీ హెడ్ చేసి గాజు గదిలో కూర్చోబెట్టాడు. మొదటి రోజే ఆమె గది తలుపు దగ్గర నిలబడింది.

"నా పేరు యాడ సార్?"

"సిస్టంలో ఒకే పేరు పడతాదమ్మా. నా చేతిలో ఏముండాది?"

"మాట నాది. నువ్వు నోరు తెరిచినావు. నోటికి ఇచ్చినారా సర్టిఫికెట్టు?"

"టీం వర్క్ అంటారమ్మా దీన్ని."

"టీం అంటే నువ్వు కూర్చునేది, మేం నిలబడేదా?" అని పోయి లైనులో నిలబడింది. గాజు గది కావడం వల్ల రోజంతా ఆమె నాకు కనబడేది. మోకాలు మార్చి మార్చి, ఒకసారి కుడికాలు మీద, ఒకసారి ఎడమకాలు మీద బరువు వేసేది. నేను నా కుర్చీని గోడవైపు తిప్పుకున్నాను.

కొన్ని నెలల తర్వాత హైదరాబాదు ఆయన ఫోన్ చేశాడు. నలభై మంది సూపర్‌వైజర్ల కొత్త బ్యాచ్ ఉంది, వాళ్ళతో లైవ్‌లో మాట్లాడండి, మీది మా విజయగాథ అన్నాడు. ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక చెమట పట్టింది. సిగ్గు విడిచి ఆమె దగ్గరికి పోయి, "ఒక్క గంట క్యాంటీన్లో నా పక్కన కూర్చోమ్మా" అన్నాను. ఎందుకో వెంటనే సరేనంది.

మొదటి పావుగంట బాగానే గడిచింది. ఎక్కడో మందుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను, "సర్, వర్కర్ల దగ్గర నుంచి మంచి ఆలోచనలు రాబట్టాలంటే ఏం చేయాలి?" అని అడిగాడు. ఆమె నా చెవి దగ్గరికి వంగింది. అప్పటికి నాకు అలవాటు ఎంత ముదిరిపోయిందంటే, పెళ్ళిపీటల మీద పురోహితుడి వెనకాల మంత్రం చదివే పెళ్ళికొడుకులాగా, అర్థంతో నాకు పనే లేదు.

"లైనులో నిలబడి ఉండే మనిషిని అడగాల."

"లైనులో నిలబడి పనిచేసే మనిషిని అడగాలి" అన్నాను.

"ఆమె చెప్పింది ఆమె పేరుతోనే పైకి పంపాల."

"ఆమె చెప్పినదాన్ని ఆమె పేరుతోనే పైకి పంపాలి."

"నేను అట్ల చేయలేదు."

"నేను అలా చేయలేదు" అన్నాను, ఎంతో గంభీరంగా.

అప్పుడు వినబడింది, నేనన్నది నాకు. తెర మీద నలభై ముఖాలు నన్నే చూస్తున్నాయి. "సర్? ఏం చేయలేదు సర్?" అన్నాడు హైదరాబాదు ఆయన. ఇంకొక్క వాక్యం చాలు, ఆమె పేరు చెబితే చాలు. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

ఆమె పైకి చూసింది.

"కరెంటు పోయిందా సార్? ఫ్యాను తిరగతా ఉండాదే!"

ఆ సాయంత్రం ఇంట్లో కాఫీ తాగుతూ నాన్నకు ఈ సంగతి చెప్పాను, మా ఫ్యాక్టరీలో ఇంకెవరో చేసినట్టు. గనిలో కూడా మేస్త్రే కదా మాట్లాడేది, ఇందులో తప్పేముంది అన్నాను. నాన్న గ్లాసు కింద పెట్టాడు.

"మేస్త్రి మాట్లాడేది నిజమేరా. ఆ తర్వాత ఏం చేసేవాడో మర్చిపోయినావే."

"ఏం చేసేవాడు?"

"బండ పగిలిన సంగతి కనిపెట్టింది ఫలానావాడు దొరా అని, వాని పేరు రాయించి వచ్చేవాడు. రాయించకుంటే మరుసటి దినం వాని గ్యాంగులో యెవడు దిగతాడు? కింద బండ కదిలితే 'తప్పుకో మేస్త్రీ' అని అరిచేది వాళ్ళేరా, దొర కాదు." గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఆ యింకెవరో నువ్వేనా?" అన్నాడు.

ఆచారంలో నాకు లాభమున్న సగం తీసుకుని, మిగతా సగం గనిలోనే వదిలేశానన్నమాట. మర్నాడు యజమాని దగ్గరికి పోయి, రెండో షిఫ్టుకు కూడా క్వాలిటీ డెస్క్ కావాలి, ఈసారి ఎవరి సీటు వాళ్ళకు కొనండి సార్ అని అడిగాను. నిజం మాత్రం చెప్పలేదు. ఈ దారిలో నిజం చెప్పకుండానే లెక్క సరిపోతుందేమోనని ఆశ. యజమాని ఐదు సీట్లకు ఒప్పుకున్నాడు. మొదటిది ఆమెకు.

ఆమె తన ఫోన్‌లోనే చేరింది. తెర మీద ఒక గడిలో ఆమె ముఖం, కింద ఆమె పేరు. నేను క్యాంటీన్‌లో నాలుగు బల్లల అవతల కూర్చున్నాను. నా ల్యాప్‌టాప్‌లో కూడా తరగతి తెరిచి ఉంది, పాత విద్యార్థిగా నాకు ప్రవేశం ఉంది. అదే ఆయన, అదే పాఠం, అదే ప్రశ్న. ఆమె గొంతు సవరించుకుని, తొమ్మిదేళ్ళుగా ఫిల్లింగ్ దగ్గర చూసింది, అంతకుముందు నుంచీ రేష్మె ఇంట్లో చేసింది, తన మాటల్లో తను చెప్పింది.

ఆయన నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు. "అమ్మా, బాగుంది కానీ, ఈ ఉదాహరణ మీ సారు పాత బ్యాచ్‌లో చెప్పిందే. చూడండి, మా స్లైడ్‌లో కూడా ఉంది" అని తెర మీద ఒక బొమ్మ వేశాడు. పైన "పట్టుపురుగుల పద్ధతి" అని పెద్ద అక్షరాలు. కింద నా ఫోటో. "కాపీకి మార్కులు ఉండవమ్మా. మీ సొంత ఉదాహరణ ఏదైనా చెప్పండి."

ఆమె ఫోన్ దగ్గరికి జరుపుకుని, "మా సారు పురుగుల్ని యాడ పెట్టి పెంచినాడప్పా?" అంది. "గనివాళ్ళ ఇంట్లో కాలు చాపేదానికే జాగా ఉండదే. పిలిచి అడుగు, గూడు కట్టేలోపల పురుగు ఎన్నిసార్లు నిద్రపోతాదో చెప్పమను."

ఆయనకు అర్థం కాలేదు. "అమ్మా, వ్యక్తిగతంగా వద్దు..." అంటున్నాడు. ఆమె నాలుగు బల్లల అవతల నుంచి నావైపు చూసింది. ఆమె మార్కులు పోతే సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేకపోతే కుర్చీ లేదు. తను చెప్పిన మాటకే, తను దొంగ.

మైకు తెరిచాను. ఈసారి చెవిలో ఎవరూ చెప్పలేదు.

"కాపీ కొట్టింది నేను సార్. పురుగు ఎన్నిసార్లు నిద్రపోతాదో నాకు తెలియదు. ఆ మాట ఆమెది. ఆవు మాట కూడా ఆమెదే. ఆరు వారాలు నేను చెప్పిందంతా ఆమెదే. ఈ క్యాంటీన్లో ఒక్క లాగిన్ మీద పద్నాలుగు మంది కూర్చున్నారు సార్. ఆ దగ్గు జలుబు కాదు."

తర్వాత జరిగింది చెప్పడం తేలిక. ఆయన ఆమెకు క్షమాపణ చెప్పాడు. ఆ సంస్థ మా యజమానికి ఉత్తరం రాసి, మిగతా సీట్లకు కూడా డబ్బు కట్టించుకుంది. యజమాని నన్ను నిలబెట్టి కడిగేశాడు. "పశ్చాత్తాపం వస్తే దేవస్థానానికి పోప్పా! లైవ్‌లోకి యాల పోతావు?" క్వాలిటీ హెడ్ పోయింది, షిఫ్ట్ మళ్ళీ వచ్చింది. ఆరు వారాల తర్వాత ఆమెకు రెండో షిఫ్టు డెస్క్ ఇచ్చారు. మోకాలు బాగుపడలేదు, అరిగిన చిప్ప కుర్చీతో తిరిగి రాదు. ఇక ముదరకుండా ఉంటే అదే పదివేలు అంటోంది.

స్లైడ్‌లో నా ఫోటో తీసేసి, "ఒక మహిళా కార్మికురాలి అనుభవం" అని పెట్టారు. నేను ఆ సంస్థకు రెండు మెయిళ్ళు రాశాను, జవాబు లేదు. ఆమె తన లాగిన్ నుంచి ఒక్కటి రాసింది, "ఆ కార్మికురాలికి పేరుంది" అని. వారంలో పేరు పడింది.

మొన్న షిఫ్టు మారే వేళ గాజు గది దగ్గర ఆగి, ఇదంతా కాగితం మీద పెడుతున్నానమ్మా, నీ పేరు, ఊరు అన్నీ సరిగ్గా రాస్తాను, ఒకసారి చూసిపెట్టు అన్నాను. ఆమె కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తకుండానే విన్నది.

"నీది నువ్వు రాసుకో సార్. నా పేరు మాత్రం పెట్టొద్దు."

"యాలమ్మా? అదే గదా అన్యాయం అయింది."

"మళ్ళీ నీ నోట్లోంచి యాల రావాల నా పేరు? అడిగినోళ్ళకి నేనే చెప్పుకుంటా" అని, ఒక ప్యాకెట్ తీసి వెలుతురుకు ఎత్తి చూస్తూ, "వెలుతురికి అడ్డం నిలబడినావు, జరుగు సార్" అంది.

జరిగాను.